కొండ అంచున ఇల్లు, వేసవిలో కార్చిచ్చు: ముందు చీపురు, తర్వాతే యంత్రాలు

మీరు రాసింది క్లుప్తంగా ఇది. చంద్రగిరి దాటాక భాకరాపేట వెళ్లే దారిలో, కొండ అంచున మీ సొంత ఇల్లు. ముందు భాగం డాబా, వెనక వంటిల్లు పాత పెంకుల కప్పు. పెరట్లో పశువుల కొట్టం, గడ్డివాము, కొన్ని మామిడి చెట్లు, వాటి వెనక కంప కంచె, కంచె దాటితే రిజర్వు అడవి. నిరుడు మార్చిలో కొండ మీద లేచిన మంట కంచె దాకా వచ్చి ఆగింది. ఇంట్లో ఉండేది మీ అమ్మగారూ నాన్నగారూ మాత్రమే, మీరు బెంగళూరులో ఉద్యోగం. కప్పు మీద నీళ్లు చిమ్మే యంత్రం పెట్టించుకోమని ఒకాయన వెంటపడుతున్నాడు, ఖర్చు లక్షల్లో చెబుతున్నాడు. చుట్టాలేమో చెట్లన్నీ కొట్టించేయమంటున్నారు. రెండింటిలో ఏది చేయాలి?

రెండూ వద్దు. చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి గానీ వాటిలో ఎక్కువ భాగం చీపురు, కొడవలి, ఇనుప జల్లెడ గుడ్డ, కాస్త సిమెంటుతో అయ్యేవే. నేను అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా తిరుపతి, చిత్తూరు కొండల కిందే గడిచింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నిప్పు ఎక్కడ అంటుకుంటుందో చూపించి వస్తుంటాను. మీ ఇల్లు చూడలేదు కాబట్టి మీరు రాసిన వివరాలను బట్టి చెబుతాను.

కార్చిచ్చు అనగానే టీవీలో చూసిన కాలిఫోర్నియా దృశ్యాలు కళ్ల ముందుకొస్తాయి. ఆకాశమంత మంట గోడలా కదిలొచ్చి ఊరిని మింగేస్తుందని భయపడతాం. శేషాచలం అడవి సాధారణంగా అలా కాలదు. ఇక్కడివి ఎక్కువగా ఆకురాల్చే అడవులు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆకు రాలి నేలంతా పరుచుకుంటుంది, బోద గడ్డి నిలువునా ఎండిపోతుంది. మంట ఆ గడ్డినీ ఆకునూ పట్టుకుని నేలబారుగా పాకుతుంది. చెట్ల తలలు అంటుకోవడం అరుదు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. 2014 మార్చిలో తిరుమల కొండల మీద అడవి అంటుకున్నప్పుడు మనుషుల వల్ల కాక, వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది. కానీ గడ్డి మంటకు ఒక గుణం ఉంది. అది వేగంగా వస్తుంది, వేగంగానే పోతుంది. ఒక్కో చోట అది నిలిచి కాలేది కాసేపే. ఇటుక గోడనూ సిమెంటు కప్పునూ ఆ కాసేపట్లో అది ఏమీ చేయలేదు.

మరి ఇళ్లు ఎందుకు కాలుతున్నాయి? రవ్వల వల్ల. గాలికి లేచిన నిప్పురవ్వ మంట కంటే ముందు ఇంటికి చేరుతుంది, మంట చల్లారిన తర్వాతా చేరుతూనే ఉంటుంది. గట్టి గాలి ఉంటే కిలోమీటరు దాటి కూడా పోయి పడుతుంది. అది పడిన చోట ఎండుటాకో, పీచో, గడ్డిపరకో ఉంటే కథ మొదలవుతుంది. ఏమీ లేకపోతే అక్కడే నల్లబడి ఆరిపోతుంది. అంటే మీ ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది కొండ మీద మంట ఎంత పెద్దదన్న దాని కంటే, రవ్వ పడిన చోట మీరు ఏం ఉంచారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికా అటవీ శాఖలో జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఈ విషయం మీదే పనిచేశాడు. 1990ల చివర కెనడాలోని వాయవ్య ప్రాంతంలో నిజమైన అడవినే తగలబెట్టి, దాని ముందు 10, 20, 30 మీటర్ల దూరాల్లో చెక్క గోడలు నిలబెట్టి చూశారు. చెట్ల తలలు సైతం భగభగ మండే మంటలో కూడా 10 మీటర్ల దగ్గర ఉన్న గోడల్లో కొన్ని మాత్రమే అంటుకున్నాయి. 20 మీటర్ల దగ్గర గానీ 30 మీటర్ల దగ్గర గానీ ఉన్నవి అంటుకోలేదు. అవి చెక్క గోడలని గుర్తుంచుకోండి, మనవి ఇటుక గోడలు. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు కాలిపోయింది. ఆ మంటలో 85 మంది చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు నాశనమయ్యాయి. అప్పటి ఫోటోలు చూడండి. ఇళ్లు పునాదుల దాకా బూడిదయ్యాయి, వాటి పక్కనే చాలా చెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. చెట్లన్నీ కొట్టేయమన్న మీ చుట్టాలకు ఆ ఫోటో ఒకటి పంపితే చాలు.

ఇక్కడ నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. మధ్యాహ్నం కొండ దిగువకు మంట వచ్చింది, ఊరివాళ్లు పచ్చికొమ్మలు విరిచి కొట్టి ఆర్పేశారు. మా బండి చేరేసరికి పొగ తప్ప ఏమీ లేదు. రాత్రి అదే ఇంటి నుంచి మళ్లీ ఫోను. వంటింటి కిటికీ కింద, గోడకు ఆనించి, నీళ్ల పొయ్యిలోకని కొబ్బరి పీచు నింపిన గోనె సంచి ఒకటి ఉంది. మధ్యాహ్నం ఏ రవ్వ దాని మీద పడిందో ఎవరూ చూడలేదు. పీచు వెంటనే మండదు, లోలోపల రాజుకుంటుంది. పైకి సన్నటి పొగ తప్ప ఏమీ కనబడదు, ఊరంతా పొగే కాబట్టి దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు. చీకటి పడ్డాక గాలి మారింది, సంచి మంటెత్తింది. పైన కిటికీకి కొట్టిన నైలాను దోమతెర కరిగి బొట్లు బొట్లుగా లోపలికి కారింది. లోపల దండెం మీద బట్టలున్నాయి. మేము వెళ్లేసరికి వాసాలు కాలుతున్నాయి. బయటి గోడ చూస్తే సంచి ఉన్నంత మేర మసి, మిగతా గోడకు వేసిన సున్నం తెల్లగా అలాగే ఉంది. కొండ మంట ఆ గోడను తాకనే లేదు.

అందుకే నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట చూసేది గోడకు ఆనుకుని ఉన్న కొన్ని అడుగుల నేల. గోడ నుంచి మీటరున్నర దాకా ఇంటి చుట్టూ మండే వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. ఇది ఒక్కటి చేసినా సగం పని అయిపోయినట్టే అని నా లెక్క. ఆ మేర గచ్చు చేయించండి, లేదా కంకర పరవండి, లేదా ఉత్త మట్టిని ఊడ్చి ఉంచండి. కట్టెల మోపు, కొబ్బరి మట్టలు, మెట్ల కింద పాత చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు, అట్టపెట్టెలు, పురికొస, పాత టైర్లు, గోడకు ఆనించిన చీపురుకట్టలు, అన్నీ అక్కడి నుంచి కదలాలి. పిడకల గూడు మాత్రం గోడ దగ్గర అసలు వద్దు. పిడక రాజుకుంటే గంటల తరబడి నిప్పు దాచుకుని కూర్చుంటుంది, నీళ్లు పైపైన చల్లితే ఆరినట్టు నటిస్తుంది. ఈ మధ్య ఊళ్లలో కూడా కిటికీ ముందు పచ్చటి నీడ వల కట్టుకోవడం, వసారాలో ప్లాస్టిక్ గడ్డి పరచుకోవడం ఎక్కువైంది. రెండూ కరిగి కారుతూ మండే సరుకు. మార్చి నుంచి జూన్ దాకా అవి తీసి లోపల పెట్టుకోవాలి. ఎండకు ఆ వల అవసరమే కదా అంటారు, నిజమే. కొండ వైపు మాత్రం వద్దు, రోడ్డు వైపు కట్టుకోండి.

ఎక్కడ జాగ్రత్త ఎక్కువ అవసరమో కనిపెట్టడానికి ఒక సులువు ఉంది. మార్చిలో గాలి వీచిన మరునాడు పొద్దున్నే ఊడ్చకుండా ఇంటి చుట్టూ తిరిగి చూడమని నాన్నగారితో చెప్పండి. గాలి ఆకుల్ని ఏ మూలలో పోగు చేసిందో రవ్వల్నీ ఆ మూలలోనే పోగు చేస్తుంది. గుమ్మం మూల, మెట్ల సందు, డాబా మీద పిట్టగోడ అడుగు, ఏసీ పెట్టె వెనక, వాన గొట్టం నోరు. ఫోనులో ఫోటోలు తీసి మీకు పంపితే అవే మీ పటం.

ఇప్పుడు కప్పు. డాబా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సిమెంటు కప్పు కాలదు, దాని మీద పెట్టిన సామాన్లు కాలతాయి. పాత పరుపు, విరిగిన మంచం, ఎండబెట్టిన చింతపండు చాప, దడి కట్టిన కొబ్బరి మట్టలు ఉంటే దించేయండి. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు నిండుగా ఉన్నంతవరకు సులువుగా అంటుకోదు. ఖాళీగా ఉంటే, పక్కన చెత్త మండితే కరుగుతుంది. కాబట్టి ఆ వేసవంతా ట్యాంకు నిండుగా ఉంచడం, చుట్టూ ఊడ్చి ఉంచడం రెండూ చేయాలి.

మీ అసలు బలహీనత వెనక వంటింటి పెంకుల కప్పు. పెంకు కాలదు, దాని కింద ఉన్నది కాలుతుంది. పాత గూన పెంకుల కప్పులో పెంకుకూ పెంకుకూ మధ్య సందులుంటాయి. వాటిలో పిచ్చుక గూళ్లు, ఎలుకలు చేర్చిన పీచు, ఏళ్ల తరబడి చేరిన మామిడాకు పొడి. దాని కింద ఎండి పేలికలెత్తిన తాటి వాసాలు. గాలికి రవ్వ ఆ సందులోంచి దూరితే కింద నుంచి కనబడదు, పై నుంచీ కనబడదు. పెంకులు దించి, వాసాలు దులిపి, పగిలినవి మార్చి, అంచుల వెంట నోళ్లు తెరుచుకున్న వరసను సిమెంటు సున్నంతో పూయించండి. చూరు కింద గోడకూ కప్పుకూ మధ్య ఉన్న ఖాళీని కూడా మూయాలి, గాలి కావాలనుకుంటే అక్కడ ఇనుప జల్లెడ కొట్టాలి. పెంకులు నేసే పనివాళ్లు ఇప్పుడు దొరకడం కష్టమే, ఎండాకాలం ముందు, సంక్రాంతి అయిన వెంటనే పిలిపించుకోండి. పెంకులు తీసేసి సిమెంటు రేకులు వేద్దామా అనుకుంటే, నా మాట విని వేయకండి. సిమెంటు రేకు వేడికి పగిలి ముక్కలు ఎగరగొడుతుంది. వేస్తే ఇనుప రేకు వేయండి, గాడుల చివరల్లో ఉండే ఖాళీలు పూడ్చండి.

వెంటిలేటర్లు, కిటికీలు, వంటింటి పొగగూడు, ఫ్యాను పెట్టిన రంధ్రం, ఇవన్నీ రవ్వలకు దారులు. నైలాను, ప్లాస్టిక్ దోమతెరలు ఎందుకూ పనికిరావు, పైన చెప్పిన ఇంట్లో చూశారు కదా. స్టీలు జల్లెడ వేయించండి, కన్ను మూడు మిల్లీమీటర్ల కంటే పెద్దదిగా ఉండకూడదు. ఆస్ట్రేలియావాళ్లు రెండు మిల్లీమీటర్లే ఉండాలంటారు. దోమతెరగా వాడే స్టీలు జల్లెడ కన్ను ఎలాగూ అంతకంటే చిన్నదే కాబట్టి అది వేయిస్తే రెండు పనులూ అవుతాయి. కన్ను చిన్నదైతే దుమ్ము పట్టి గాలి ఆగిపోతుంది, నెలకోసారి బ్రష్షుతో దులపాలి. కొండ వైపు కిటికీలకు మామూలు అద్దాలుంటే వేడికి పగులుతాయి. అవి మార్పించే స్తోమత ఉంటే గట్టిపరచిన అద్దం వేయించండి, లేకపోతే చెక్క తలుపులు బయటి నుంచి మూసుకునేలా ఉన్నా చాలు. ప్లాస్టిక్ చట్రాల కిటికీలు ఇప్పుడు ఫ్యాషన్. అవి వేడికి వంగిపోయి అద్దం జారిపోతుంది, కొండ వైపు వాటిని పెట్టించకండి.

మీటరున్నర దాటి పది మీటర్ల దాకా ఉన్న పెరడు ఇంకో లెక్క. అక్కడ చెట్లుండొచ్చు, పూల మొక్కలుండొచ్చు, నీళ్లు పెట్టే అరటి, కలబంద ఉంటే మరీ మంచిది. ఎండిన అరటాకు మాత్రం వేలాడనివ్వకండి. గడ్డి జానెడు కూడా ఎదగనివ్వకుండా, అరజానలోపే కోయించండి. మామిడి కొమ్మలు కప్పు మీదికి వాలి ఉంటే కొట్టించండి, కింది కొమ్మలు నేల నుంచి మనిషి ఎత్తు దాకా తీయించండి. నేల మీది మంట కింది కొమ్మ పట్టుకుని చెట్టెక్కుతుంది, ఆ మెట్టు లేకుండా చేయడమే ఉద్దేశం. తోపులో రాలిన ఆకు నేలకు మంచిదని నాన్నగారు అంటారు, అది నిజమే. దూరంగా ఉన్న చెట్ల కింద ఉంచుకోండి, ఇంటికి పది మీటర్లలోపు ఉన్న చెట్ల కింద మాత్రం ఊడ్చి ఎరువు గుంతలో వేసి తడి చేయండి. ఊడ్చిన ఆకును కుప్ప పెట్టి అగ్గిపుల్ల గీయడం మన అలవాటు. కొండ అంచు ఊళ్లలో చాలా మంటలు అక్కడే పుడతాయి. బీడీ ముక్క, మేత చిగురుస్తుందని పెట్టే నిప్పు, తేనె తీసేవాళ్ల కాగడా, చెరకు కొట్టిన తర్వాత ఆకు తగలబెట్టడం, ఇవన్నీ మన చేతులతో మొదలయ్యేవే. ఆకును కాల్చడం మానితే ఇంటికీ కొండకూ కలిపి మేలు చేసినట్టు.

చెట్లలో నాకు నచ్చనివి మూడు ఉన్నాయి. సరుగుడు, నీలగిరి, ఎండు మట్టలు వేలాడే తాటి. సరుగుడు ఆకు పీచులా పేరుకుంటుంది, నీలగిరి ఆకులో నూనె, బెరడు ఊడి వేలాడుతుంది. తాటిచెట్టు అంటుకుంటే తల మీద మంట పెట్టుకుని గంటల కొద్దీ రవ్వలు కురిపిస్తుంది, అంత ఎత్తుకు మా నీళ్లు కూడా సరిగా అందవు. చెట్టు కొట్టనక్కర్లేదు, ఎండు మట్టలు గీయించండి. ఈత పొదలకూ అదే మాట.

గడ్డివాము కదలాల్సిందే, ఇది మీ నాన్నగారికి కష్టంగా ఉంటుందని తెలుసు. వాము కొట్టం పక్కన ఉంటే మేత వేయడం సులువు, నడుం నొప్పి ఉన్న మనిషికి రోజూ ముప్పై మీటర్లు మోయడం చిన్న పని కాదు. కానీ గడ్డివాము అంటుకుంటే దాని వేడికి పక్కన నిలబడలేం, అది లేపే రవ్వలు కొండ మంట లేపే వాటి కంటే ఎక్కువ. ఇంటికీ కొట్టానికీ ముప్పై మీటర్ల దూరంలో, కొండకు ఎదురుగా కాకుండా రోడ్డు వైపుకు మార్చండి. అంత చోటు లేకపోతే వామును రెండు చిన్న వాములుగా విడదీసి వేర్వేరు చోట్ల వేయండి, రోజుకు సరిపడా గడ్డి మాత్రమే కొట్టంలో ఉంచుకోండి. వేరుశనగ కట్టె వేసినా అదే నియమం. కొట్టం కప్పు బోదతో గానీ చెరకు ఆకుతో గానీ ఉంటే, రేకు వేయించడానికి పెట్టే ఖర్చు మీ యంత్రం ఖర్చు కంటే ఎన్నో రెట్లు తక్కువ, ఎన్నో రెట్లు ఉపయోగం. పశువులను కట్టే పలుపులు ఒక్క లాగుతో ఊడేలా ముడి వేయడం అలవాటు చేసుకోమనండి.

కంప కంచె సంగతి. నిరుడు మంట కంచె దగ్గర ఆగిందని రాశారు, అది మీ అదృష్టం. ఎండిన కంప అడవికీ ఇంటికీ మధ్య వేసిన వత్తి లాంటిది, ఒక కొస అంటుకుంటే నిప్పును రెండో కొస దాకా నడిపించి తెస్తుంది. కంచె మొత్తం మార్చడానికి డబ్బు లేకపోతే, కనీసం ఇంటి గోడకో కొట్టానికో తగిలే చివరి మూడు నాలుగు మీటర్లు తీసేసి రాతి కూసాలు పాతి ఇనుప తీగ లాగండి. కంచె లోపలి వైపు, మీ స్థలంలో, మూడు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కించి మట్టి కనబడేలా దారి తీయండి. జనవరి చివరికల్లా ఆ పని పూర్తి కావాలి. ట్రాక్టరు తిరిగే చోటైతే ఒక గంట దున్నితే సరిపోతుంది.

కంచె అవతల మాత్రం చేయి పెట్టకండి. రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం, పొద కాల్చడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. మీ మంచి కోసమే చేశామంటే ఎవరూ వినరు. పైగా శేషాచలంలో ఎర్రచందనం వల్ల నిఘా ఎక్కువ, కొడవలి పట్టుకుని సరిహద్దు రాయి దాటితే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. చేయాల్సింది ఏమిటంటే, మీ పరిధిలోని అటవీ రేంజి కార్యాలయానికి డిసెంబరులోనే రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, మా ఇళ్ల వెనక సరిహద్దు వెంట ఫైర్ లైను, అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన ఖాళీ పట్టీ, తీయించమని. వాళ్లు వేసవి ముందు ఫైర్ లైన్లు తీస్తారు, కాపలాకు మనుషులనూ పెట్టుకుంటారు. మీ ఒక్కరి అర్జీ కంటే పది ఇళ్ల సంతకాలతో ఇచ్చిన అర్జీకి కదలిక ఎక్కువ. ఊళ్లో వన సంరక్షణ సమితి ఉంటే దాని ద్వారా వెళ్లండి.

మీ ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉందా లేదా మీరు రాయలేదు. ఉంటే అదే మీ రెండో అడవి అనుకోండి. తిరుపతిలో కపిలతీర్థం వెనకా, జీవకోన వైపూ, మంగళం వైపూ కొండ కింద కాలనీల్లో నేను ఎక్కువ భయపడింది కొండను చూసి కాదు, నడుమెత్తు గడ్డి, చెత్త, సీమ తుమ్మ పెరిగిన ఖాళీ స్థలాలను చూసి. యజమాని ఎక్కడో ఉంటాడు, ఫోను ఎత్తడు. పంచాయతీకో మునిసిపాలిటీకో రాయండి, వాళ్లు కదిలేలోగా చుట్టుపక్కలవాళ్లు కలిసి ఒక కూలి మనిషిని పెట్టి కోయించడమే తెలివి.

వాలు గురించి రెండు మాటలు. మంట ఎగువకు పరుగెడుతుంది, దిగువకు నడుస్తుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే ఎగువకు వెళ్లే వేగం సుమారు రెట్టింపవుతుంది, ఇరవై డిగ్రీలైతే నాలుగింతలు. మీ ఇల్లు కొండ పాదంలో ఉంది కాబట్టి కొండ మీది మంట మీ వైపు నెమ్మదిగానే దిగుతుంది, ఇది మీకు కలిసొచ్చే విషయం. అయితే పగలు గాలి కొండ ఎక్కుతుంది, పొద్దుగూకాక కొండ దిగుతుంది. మధ్యాహ్నం దూరంగా పైకి పోతున్న మంటను చూసి నిశ్చింతగా ఉన్నవాళ్లకు రాత్రి రవ్వలు వచ్చేది ఇందుకే. కాలిన మొద్దులు దొర్లిపడటం కూడా ఉంటుంది. పెరడు ఎగువ అంచున చిన్న కందకం తీస్తే మొద్దు అందులో ఆగుతుంది, వానాకాలం నీళ్లూ ఆగుతాయి.

ఇక ఆ నీళ్లు చిమ్మే యంత్రం. అది పూర్తిగా పనికిరానిదని అనను. కానీ కొండ మంట వచ్చిన రోజు మొదట పోయేది కరెంటు, తీగల కింద మంట ఉంటే లైను ఆపేస్తారు. కరెంటు పోతే బోరు మోటారు ఆగుతుంది, దానితో పాటు ఆ యంత్రమూ ఆగుతుంది. జనరేటరు పెట్టుకుంటే దాన్ని నడిపేది అరవై దాటిన మీ నాన్నగారు. గట్టి గాలిలో చిమ్మిన నీళ్లు కప్పు మీద పడతాయన్న భరోసా లేదు. ట్యాంకు నీళ్లతో గొట్టం పెట్టి కొట్టొచ్చు కదా అనుకుంటారేమో, పది మీటర్ల ఎత్తుకు గానీ ఒక బార్ (నీటి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి రాదు. ఒంటి అంతస్తు డాబా మీది ట్యాంకు నుంచి గొట్టంలో నీళ్లు కారతాయి తప్ప చిమ్మవు. అవి బకెట్లు నింపడానికి చాలు. మా అనుభవంలో ఇంటివాళ్ల చేతిలో అన్నిటికంటే పనికొచ్చింది తోటలకు మందు కొట్టే వీపు స్ప్రేయరు. పదహారు లీటర్ల నీళ్లు పడతాయి, చేత్తో కొట్టేదైతే కరెంటు అక్కర్లేదు, పెంకు సందులోకి సూటిగా కొట్టొచ్చు. మందు వాసన లేని కొత్తది ఒకటి దీనికోసమే విడిగా ఉంచుకోండి. మీ ఇంట్లో ముసలివాళ్లే ఉన్నారు కాబట్టి ఎనిమిది లీటర్లది చూడండి. దాంతో పాటు నాలుగు బకెట్లు, రెండు గోనె సంచులు, పార, డాబా ఎక్కడానికి గట్టి నిచ్చెన. మంట ఆర్పే బంతులు, పూసే జెల్లులు కూడా అమ్ముతున్నారు. బంతి గదిలో చిన్న మంటకు పనికొస్తుందేమో, ఆరుబయట గాలిలో దాని పొడి ఎగిరిపోతుంది. జెల్లు తడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, మన మే నెల ఎండలో అది ఎంతసేపు తడిగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మంట కనబడిన రోజు ఏం చేయాలో అమ్మగారికీ నాన్నగారికీ ముందే చెప్పి, ఒకసారి చేయించి చూడండి. మంట ఇంకా కొండ మీద ఉండగానే 101కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, బయట సిలిండరు ఉంటే ఇంటికి దూరంగా మార్చాలి. స్కూటరు రోడ్డు మీదికి తీయాలి. కిటికీలు, తలుపులు మూయాలి, నైలాను తెరలు పీకి గది మధ్యలో పడేయాలి. పశువులను విప్పి రోడ్డు వైపు తోలాలి. నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు కాదు బూట్లు. పాలిస్టరు చీర, నైటీ వేడికి ఒంటికి అంటుకుపోతాయి, ఈ మాట అమ్మగారికి ప్రత్యేకంగా చెప్పండి. తర్వాత వాళ్లిద్దరూ చంద్రగిరిలోనో తిరుపతిలోనో ఉన్న చుట్టాల ఇంటికి వెళ్లిపోవాలి, పొగ దారిని కప్పకముందే. చివరి నిమిషంలో బయలుదేరడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. ఇంటిని కాపాడటానికి ఉండిపోతానని నాన్నగారు అంటారు, మీరు ఒప్పుకోకండి. ఎదురు మంట పెడితే మంట ఆగుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. శిక్షణ ఉన్నవాళ్లు, గాలి చూసుకుని, మనుషుల్ని నిలబెట్టుకుని చేసే పని అది. ఊళ్లో ఎవరు చేసినా అడ్డుపడండి.

మంట పోయాక పని ఇంకా మిగిలే ఉంటుంది. ఆ రాత్రంతా ఎవరైనా దిట్టమైన మనిషి, పక్కింటి కుర్రవాడైనా సరే, గంటకోసారి టార్చి తీసుకుని డాబా మీద, పెంకుల అంచు, వాము, పిడకల గూడు, కంచె గుంజలు, తాటి తలలు చూస్తూ తిరగాలి. చేయి దగ్గర పెట్టి వేడి చూడాలి, ముట్టుకోకూడదు. పాములు, జెర్రులు మంటకు పారిపోయి ఇళ్ల వైపే వస్తాయి కాబట్టి చీకట్లో చెప్పులు లేకుండా తిరగొద్దు.

మీరు దూరాన ఉన్నారు కాబట్టి ఒకటి చేయగలరు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారాన్ని ఎస్సెమ్మెస్సుగా పంపుతుంది, వాళ్ల వన్ అగ్ని పోర్టల్‌లో ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. మీ ప్రాంతం ఎంచుకుంటే బెంగళూరులో ఉండగానే కబురు తెలుస్తుంది. దాని మీదే ఆధారపడకండి. ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే పైనుంచి పోతుంది, దాని చిత్రంలో ఒక్క చుక్క అంటే నేల మీద 375 మీటర్ల చదరం. మధ్యలో పుట్టి పెరిగిన మంట కబురు ఆలస్యంగా వస్తుంది. పక్కింటివాళ్ల ఫోను నంబరు అంతకంటే నమ్మకం.

బీమా కూడా చూసుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ భారత్ గృహ రక్ష అనే ఒకే రకం పాలసీ అమ్ముతున్నాయి, అందులో అడవి మంట వల్ల జరిగే నష్టం కూడా కలిసి ఉంటుంది. పాలసీ తీసుకునేటప్పుడు డాబాతో పాటు వెనక పెంకుటిల్లు, కొట్టం కూడా వివరంగా రాయించండి. పశువులకు వేరే పాలసీ కావాలి. ఇప్పటి ఇంటి ఫోటోలు నాలుగు వైపుల నుంచీ తీసి మీ దగ్గర ఉంచుకోండి.

డబ్బు, మనుషులు రెండూ తక్కువగా ఉంటే ఈ వరసలో చేయండి. ఈ వారం గోడ చుట్టూ మీటరున్నర ఖాళీ చేయడం, డాబా ఊడ్చడం. ఈ నెలలో స్టీలు జల్లెడలు, కంచె చివరి భాగం. సంక్రాంతి తర్వాత పెంకులు, ఫైర్ లైను అర్జీ మాత్రం అంతకు ముందే. వాము వచ్చే కోతలకు వేసేటప్పుడే కొత్త చోట వేయించండి, ఇప్పుడున్నది పీకి మోయించి నాన్నగారిని ఇబ్బంది పెట్టకండి, అది తగ్గే దాకా కొండ వైపు ముఖానికి పాత ఇనుప రేకులు అడ్డం పెట్టండి. కొండ వైపు గోడకు ఎన్ని కిటికీలు, ఎన్ని వెంటిలేటర్లు ఉన్నాయో, ఇంటి గోడ నుంచి కంచెకు ఎన్ని అడుగులో కొలిపించి రాస్తే, జల్లెడ ఎంత కావాలో, దారి ఎక్కడ చెక్కించాలో చెబుతాను.